ఏనుగు మల్లమ్మకు ఏ బట్ట కడదాం? వీడియో గేముల వీరుల వేషాల మీద ఒక చర్చ

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. వాడు యానిమేషన్ కోర్సు చదువుతున్నాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను, రెండోవాడు వాడు. కోర్సులో ఆఖరి పనిగా ఒక వీడియో గేముకు వీరుణ్ణో వీరురాలినో కొత్తగా ఊహించి తయారుచెయ్యాలట. బట్టలు, నగలు, జుట్టు, ఆయుధం, ఒంటి రంగు అన్నీ గీసి ఇవ్వాలట. తతిమ్మా పిల్లలు రాముణ్ణి, కర్ణుణ్ణి, ఝాన్సీరాణిని ఎంచుకుంటే వీడు ఏనుగు మల్లమ్మను ఎంచుకున్నాడు.

మల్లమ్మ మా కొండ మనిషి. మదనపల్లె దగ్గర ఇవాళ అందరూ హార్స్లీ హిల్స్ అని పిలిచే కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీకి ఇక్కడి చల్లగాలి నచ్చింది. ఆయన వేసవి విడిది కట్టుకున్నాడు, కొండ ఆయన పేరుకు మారిపోయింది. అంతకుముందు కథ వేరు. కొండమీద మల్లమ్మ అనే ఆమె ఉండేదని, ఆమెను ఏనుగులు సాకినాయని, రోగమొచ్చిన చెంచులకు ఆమె మందు చేసేదని, ఒకరోజు కనిపించకుండా పోయిందని చెప్తారు. చిన్నపిల్ల అని కొందరు, ముసలమ్మ అని కొందరు. ఇప్పుడక్కడ ఆమెకు గుడి ఉంది. ఆమె ఏం కట్టుకునేదో మాత్రం ఏ కథా చెప్పదు.

మావాడి తెరమీద ఉన్న మల్లమ్మ గోధుమ రంగులో మెరిసిపోతోంది. నెత్తిన బంగారు కిరీటం, నడుముకు వడ్డాణం, ఒంటికి ఎర్రంచు పట్టుచీర, చేతిలో త్రిశూలం.

"ఎట్లుంది మామా?" అన్నాడు.

"బొమ్మ బాగుంది. ఎవుర్రా ఈమె?"

"మన మల్లమ్మే."

"మల్లమ్మ ఇట్లుంటాదా?"

వాడికి కోపమొచ్చింది. "మరి ఎట్లుండాల? చింపిరి గుడ్డలేసి గీయమంటావా? మనోళ్ళకు ఎప్పుడూ అదేనా?"

ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. దాని వెంటబడి పోయినకొద్దీ, ఇది ఒక పిల్లోడి బొమ్మకు సంబంధించిన సంగతి కాదని, మనం సీరియస్‌గా పట్టించుకోని ఒక సాంస్కృతిక రంగానికి సంబంధించిందని అర్థమయింది. సినిమా మీద మనం రాశాం, పాఠ్యపుస్తకాల మీద రాశాం. మన వాడల్లో పదేళ్ళ పిల్లోడి చేతిలో కూడా ఉన్న ఆట మీద రాయలేదు. అందులో వీరులకు బట్టలు ఎవరు కుడుతున్నారు, ఏ కొలతలకు కుడుతున్నారు అనేది ఈ వ్యాసంలో చూద్దాం.

బట్ట ఒక చట్టం

బొమ్మకు వేసే బట్టల గురించి ఇంత గొడవెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. కులవ్యవస్థలో బట్ట ఎప్పుడూ అలంకారం కాదు, అదొక చట్టం. అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో ఇందూరు ప్రాంతపు బలాయీల సంగతి రాశాడు. 1928లో అక్కడి సవర్ణులు బలాయీలకు కొన్ని షరతులు పెట్టారు. జరీ అంచు తలపాగా చుట్టుకోకూడదు, రంగు అంచు పంచె కట్టుకోకూడదు, ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. 1930లో తమిళనాడు రామనాథపురంలో కళ్ళర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు విధించారు. మగవాళ్ళ గుడ్డ మోకాలి కిందికి దిగకూడదు, నడుం పైకి రాకూడదు. చొక్కా వద్దు, గొడుగు వద్దు, చెప్పులు వద్దు. ఆడవాళ్ళు పై ఒంటిమీద గుడ్డ వేసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు. మాట విననివాళ్ళ గుడిసెలు తగలబెట్టారు.

వీటిని వేషధారణ సూత్రాలుగా చదివి చూడండి. ఇవాళ గేము కంపెనీల్లో ఒక పాత్రకు రూపం గీసేవాళ్ళు ముందు ఒక పట్టిక రాసుకుంటారు: ఈ పాత్ర ఎవరు, తలమీద ఏముండాలి, కాళ్ళకు ఏముండాలి, దూరం నుంచి చూడగానే ఎవరో ఎట్లా తెలియాలి. సవర్ణ సమాజం అదే పట్టికను వందల ఏళ్ళ క్రితమే మన ఒళ్ళమీద రాసింది. దూరం నుంచి చూడగానే ఎవరో తెలియాలి. ఆ పట్టిక లక్ష్యం అంతా అదే.

అందుకే 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతి తగలబెట్టిన సందర్భంలోనే అంబేడ్కర్ ఆడవాళ్ళను ప్రత్యేకంగా కూర్చోబెట్టి చీరకట్టు గురించి మాట్లాడాడు. అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా మోకాళ్ళదాకా కట్టే పద్ధతి మానేసి పాదాలదాకా కట్టుకోమన్నాడు. మెడకూ చేతులకూ మోత బరువుగా ఉండే నగలు తీసి పారెయ్యమన్నాడు. ఎంతోమంది ఆడవాళ్ళు అక్కడికక్కడే కట్టు మార్చుకున్నారు. చెరువు నీళ్ళ పోరాటంలో చీరకట్టు ఒక చిన్న విషయమని ఆయన అనుకోలేదు. ఆయన వేసుకున్న సూటును కూడా ఈ చరిత్రలోనే చూడాలి. మన పల్లెల్లోని విగ్రహాలకు నీలం కోటు వేసుకున్నామంటే ఆ నిషేధాల పట్టికను చించేశామని అర్థం.

గేముల్లో రెండు బీరువాలు

ఇక గేముల దగ్గరికి వద్దాం. వీడియో గేముల్లో భారతదేశం నుంచి వచ్చిన వీరులు తక్కువ. ఆ కొద్దిమందినీ వరసగా నిలబెడితే వాళ్ళ బట్టలు రెండు బీరువాల్లోంచి వచ్చినట్టు కనిపిస్తాయి.

మొదటి బీరువా పేలికలది. 1991లో జపాను కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2'లో మన దేశం తరఫున కొట్లాడేవాడు ధాల్సిమ్. చిరిగిన నిక్కరు, గుండు, నుదుట బొట్లు, మెడలో పుర్రెల దండ. ఆ పుర్రెలు వాళ్ళ ఊళ్ళో రోగమొచ్చి చచ్చిపోయిన పిల్లలవట. జపాను వీరుడికి కరాటే దుస్తులు, అమెరికా వీరుడికి సైనికుడి బట్టలు. మన దేశానికి మాత్రం యోగం, ఆకలి, చావు. దేశమంతటినీ ఒక సన్యాసి ఒంటిమీద చూపించడం తెల్లవాళ్ళ రాతల్లో పాత అలవాటే, జపానువాళ్ళు దాన్నే అరువు తెచ్చుకున్నారు.

రెండో బీరువా దేవుళ్ళది. 2009లో హైదరాబాదు కంపెనీ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. తెలుగు నేలమీద తయారైన గేముల్లో ఇది ముందు వరసలోది. మనవాళ్ళ చేతికి పరికరం వచ్చీ రాగానే తీసింది పురాణాన్నే. 2017లో 'బాహుబలి' పేరుతో ఫోను ఆట వచ్చింది. ఆటగాడు మాహిష్మతి కోట కడతాడు, సైన్యాన్ని పెంచుతాడు. శత్రువులు కాలకేయులు. సినిమాలో కాలకేయులకు ఒంటినిండా నల్లరంగు పూసి, అర్థం కాని భాష పెట్టి, ఎముకలు తగిలించిన సంగతి మనకు తెలుసు. రాజుకు లోహపు కవచం, శత్రువుకు నల్లతోలు. తెల్లటి వీరుడు నల్లటి గుంపును నరకడమే ఆటయితే, ఆ ఆట ఆడే నల్లటి పిల్లోడు ఏ వైపు నిలబడి గెలుస్తున్నట్టు?

ఈ రెండు బీరువాల మధ్య నిలబడిన పాత్రలు ఇద్దరున్నారు. వాళ్ళ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి.

ఒకరు 2016లో అమెరికా కంపెనీ బ్లిజార్డ్ తెచ్చిన 'ఓవర్‌వాచ్'లోని సిమెట్రా. అసలు పేరు సత్య వాస్వాని. ఆమె కథ ఇది: దక్షిణ భారతదేశంలోని విశ్కర్ అనే పెద్ద సంస్థ దిక్కులేని పేదరికంలోంచి ఆమెను ఏరి తీసుకెళ్ళి తన అకాడమీలో పెట్టుకుంటుంది. ఆమె మళ్ళీ ఇంటికి తిరిగిపోదు. కాంతితో కట్టడాలు కట్టే విద్య నేర్చి ఆ సంస్థ కోసమే పనిచేస్తుంది. హాస్టళ్ళలో చదివి పైకొచ్చిన మనకు ఈ కథ కొత్తది కాదు. ప్రతిభ ఉందని ఏరుకొచ్చిన సంస్థ పిల్ల ఇంటి పేరు అడగదు, ఇంటి సంగతి అడగదు. పిల్ల కూడా కొన్నాళ్ళకు చెప్పడం మానేస్తుంది.

ఇట్లాంటి పిల్లకు కంపెనీ ఎన్ని జతలు కుట్టిందో చూడండి. నున్నటి నీలం దుస్తులు, సంస్థ యూనిఫారాలు, వాటి మీదికి 'గాడెస్', 'దేవి' అనే స్కిన్లు. పేదరికంలోంచి సంస్థ దాకా, సంస్థలోంచి దేవత దాకా బట్టలున్నాయి. ఆమె బయలుదేరిన ఇంటి బట్ట ఒక్కటీ లేదు. 'దేవి' స్కిన్ మీద 2016లోనే అమెరికాలోని ఒక హిందూ సంఘం నాయకుడు అభ్యంతరం చెప్పాడు. దేవతను ఆటగాడు మీటలు నొక్కి ఆడించడం అపచారమని ఆయన వాదన. 2009లో హనుమాన్ ఆట మీద అభ్యంతరం చెప్పిందీ ఆయనే. దేవతకు అవమానం జరిగిందా లేదా అని చర్చ జరిగింది. పేదింటి పిల్లకు పేరుప్రతిష్ఠలు రావాలంటే దేవత వేషం ఎందుకు వెయ్యాలని ఎవరూ అడగలేదు.

రెండో పాత్ర రాజీ. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన 'రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్'లో కథానాయిక. రాజకుమారి కాదు, సర్కసు పిల్ల. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోతుంది. గోడలమీద పరిగెత్తుతుంది, స్తంభాల చుట్టూ తిరుగుతుంది. అంతా ఆమె బతుకుతెరువు నేర్పిన విద్యే. ఒక భారతీయ గేము వీరత్వాన్ని పుట్టుకలోంచి కాక పనిలోంచి తీసుకోవడం నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం. అయితే రాక్షసుల్ని చంపే ఆయుధాలు మాత్రం దుర్గ, విష్ణువు లాంటి దేవతలు ప్రసాదించాల్సిందే. ఒళ్ళు పిల్లది, బలం దేవుళ్ళది. పైగా మన నేలమీద తాళ్ళమీద నడిచి, గడలెక్కి బతికిన దొమ్మరుల్లాంటి కులాలను బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం కింద పెట్టి వేలిముద్రలు తీసుకున్న చరిత్ర ఉంది. ఆ చరిత్ర రాజీ బట్టల్లో ఎక్కడా అంటుకోలేదు. ఏ కులమూ లేని సర్కసు అది.

ఇంకొక సంగతి. ఏ గేమునైనా తెరిచి చూడండి. వీరుడికి ఇరవై జతలుంటాయి. ఊళ్ళో తిరిగే జనానికి, చనిపోయేవాళ్ళకు, వీరుడు కాపాడేవాళ్ళకు రెండో మూడో జతలే. అవే ముఖాలు, అవే గుడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. బొమ్మలు గీసే ఖర్చు తగ్గించుకోవడానికి అట్లా చేస్తారని మావాడు చెప్పాడు. ఖర్చు నిజమే. ఎవరి మీద ఖర్చు పెట్టాలి, ఎవరి మీద తగ్గించాలి అనే నిర్ణయం మాత్రం ఖర్చుకు సంబంధించింది కాదు.

కొనుక్కునే తోలు

బొమ్మలు గీసేవాళ్ళ వైపు నుంచి చూశాం. ఆడేవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. ఇవాళ మన పిల్లలు ఎక్కువగా ఆడే ఫోను ఆటలు ఉచితంగా దొరుకుతాయి. పబ్‌జీని 2020 సెప్టెంబరులో నిషేధిస్తే 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించినా ఫ్రీ ఫైర్ మ్యాక్స్ నడుస్తూనే ఉంది. ఆట ఉచితమైతే కంపెనీకి డబ్బు ఎక్కడిది? చాలావరకు బట్టల మీద. వాటినే స్కిన్లంటారు, బండిల్స్ అంటారు. డైమండ్లు, యూసీలు అనే ఆట నాణేలను అసలు డబ్బుతో కొని ఆ బట్టలు కొనాలి. తుపాకి స్కిన్లలో కొన్నిటికి కొంచెం బలం ఉంటుందేమోగానీ, ఒంటి బట్టకు ఏ బలమూ ఉండదు. దాన్ని ఎదుటివాళ్ళు చూడటానికే కొంటారు.

కొననివాడి సంగతేమిటి? వాడికి కంపెనీ మొదట ఇచ్చిన మామూలు బట్టలే గతి. ఆ బట్టల్లో కనిపించేవాణ్ణి తోటి ఆటగాళ్ళు 'నూబ్' అంటారు. విదేశాల్లో ఫోర్ట్‌నైట్ ఆడే పిల్లల మధ్య 'డీఫాల్ట్' అనేది ఏకంగా తిట్టయి కూర్చుంది. వాడికి ఆట వచ్చా రాదా అని చూసేలోపలే బట్ట చూసి లెక్క కట్టేస్తారు. మా పల్లెలో ఒక పిల్లోడు టమాటా బుట్టలు మోసిన కూలి డబ్బుల్లోంచి ఒక బండిల్ కొన్నాడు. వాళ్ళమ్మ చీపురు తిరగేసింది. "ఒంటిమీద చొక్కా చినిగింది కనపళ్ళేదు గానీ ఫోన్లో బొమ్మకు చొక్కా కొన్న్యాడు" అని. ఆమె కోపం న్యాయమే. పిల్లోడన్న మాట కూడా నాకు మర్చిపోవడం చేతకాలేదు: "ఆడ ఎవురికీ మన పల్లె తెలీదు మామా. బట్ట ఉంటే చాలు."

ఈ మాటలో ఒక ఆశ ఉంది, ఒక మోసం ఉంది. ఊరి పేరు తెలియనిచోట, ఇంటిపేరు అడగనిచోట, ఒంటి తోలును కొనుక్కుని మార్చుకోవచ్చుననేది ఆశ. ఇది మహద్‌లో చీరకట్టు మార్చుకున్న ఆడవాళ్ళ ఆశకు దూరపు చుట్టమే. మోసం ఎక్కడుందంటే, మహద్‌లో అందరూ కలిసి మార్చుకున్నారు, ఇక్కడ ఎవడికి వాడు కొనుక్కోవాలి. డబ్బులున్నవాడు మారతాడు, లేనివాడు 'డీఫాల్ట్'గా మిగిలిపోతాడు. కులం పోయినచోట దాని పట్టిక మాత్రం ఉండిపోయింది.

కడిగితే పోయే వేషం

వేషం మార్చుకునే ఆటను ఈ కంపెనీలే కనిపెట్టాయనుకోవద్దు. మా సీమకు ఇది పాత విద్య. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ. పాత చిత్తూరు జిల్లా అంతా గంగమ్మ జాతరలే. తిరుపతి కథలో ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. గంగమ్మ రోజుకొక వేషంలో వాణ్ణి వెతుకుతుంది. దొర వేషంలో వాడి తల నరుకుతుంది. ఆ తర్వాత మాతంగి వేషం కడుతుంది. భక్తులు కూడా ఆ వరసలోనే వేషాలు వేస్తారు: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఒక్క వీరురాలు, ఇన్ని వేషాలు, ఒక్కొక్క వేషానికి ఒక రంగు, ఒక దండ. ఇంతకంటే పకడ్బందీ వేషరచన ఏ గేములోనూ నేను చూడలేదు.

తిరుపతిలో చదువుకునే రోజుల్లో మొదటిసారి ఆ వేషాలు చూసి నాకు ఒళ్ళు పులకరించింది. తోటి వేషం చూసేదాకా. తోటి వేషానికి ఒళ్ళంతా బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుంటారు. మరుసటిరోజు దొర వేషానికి ఒళ్ళంతా గంధం పూసుకుంటారు. తోటికి బొగ్గు, దొరకు గంధం. ఎవరు రాశారు ఈ పట్టిక?

మా తాత తోటి. ఊళ్ళో దండోరా వేసేవాడు, చచ్చిన గొడ్డును ఈడ్చేవాడు, శవం దగ్గర కాపలా ఉండేవాడు. మోకాళ్ళ పైకి గోచి, భుజాన ఒక తువ్వాలు. రెడ్డి ఎదురొస్తే ఆ తువ్వాలు నడుముకు దిగేది, చెప్పులు చేతిలోకి వచ్చేవి. ఆయన ఒంటికి ఎవరూ బొగ్గు పూయలేదు, ఎండ పూసింది. తోటి వేషం వేసిన ఊరి కుర్రాళ్ళు సాయంత్రం తలంటుకుని ఇంట్లోకి పోతారు. మా తాత ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ ఇంట్లోకి పోలేదు. కడిగితే పోయే వేషానికీ కడిగినా పోని వేషానికీ మధ్య తేడా తెలియనిదే వేషరచన మీద విమర్శ చెయ్యలేం.

జాతరను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. దేవత తోటి అయిందని, మాతంగి అయిందని చెప్పుకునే కథ బ్రాహ్మణీయ పురాణాల్లో అంత తేలిగ్గా దొరకదు. దొర ఒక వేషం మాత్రమేనని, దాన్ని ఎవరైనా వేసుకోవచ్చునని కూడా ఆ కథ చెప్తుంది. కాకపోతే ఆ కథను మోసుకొచ్చిన కులాలు తెరమీదికి రాకుండా వేషం ఒక్కటే వస్తోంది. 2024 డిసెంబరులో 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీర కట్టి, ఒంటికి నీలం పూసుకుని గంగమ్మ జాతరలో ఆడితే దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ వేషంతో బొమ్మలు, టీషర్టులు వచ్చినాయి. రేపు గేముల్లో స్కిన్లుగా కూడా రావచ్చు. మాతంగి అనే మాట ఏ వాడ నుంచి వచ్చిందో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమంది అడిగారు?

మాదిగ నెత్తిన కిరీటం

ఇక్కడ మా సీమ దాటి తెలంగాణ వైపు చూడాలి. అక్కడి చిందు యక్షగానంలో వేషం వేసేవాళ్ళే మన మనుషులు. చిందు మాదిగలు తరతరాలుగా కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకుని రాజులుగా, దేవుళ్ళుగా ఆడారు. 2005లో చనిపోయిన చిందుల ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య ఈ కళలోంచి వచ్చినవాడే. వాళ్ళు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు దేవుళ్ళకంటే ముందు పుట్టినవాడు. నేను పెద్దవాణ్ణంటే నేను పెద్దవాణ్ణని బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు.

కిరీటాన్ని చూడగానే 'బ్రాహ్మణీయం' అని ముద్ర వేసే అలవాటు నాకూ ఉంది. చిందు మనిషి నెత్తిన చూసినప్పుడు ఆ ముద్ర నిలబడదు. తెల్లవారితే అదే మనిషి దొరల వాకిట్లో దూరంగా నిలబడాల్సిన రోజుల్లో, రాత్రంతా ఆ కిరీటం అతని నెత్తిన ఉండటం ఒక ప్రకటన. మావాడి మల్లమ్మ కిరీటంతో నా తగాదా బంగారం మీద కాదని నాకప్పుడు అర్థమయింది. చిందు కళాకారుడి కిరీటం కింద ఒక వాదం ఉంది. మావాడి మల్లమ్మ కిరీటం కింద ఏముంది? క్యాలెండరు బొమ్మల్లో ఉంటుంది కాబట్టి పెట్టాడు. త్రిశూలమూ అంతే. ఏనుగులు సాకిన మందులమ్మ త్రిశూలంతో ఎవర్ని పొడుస్తుంది?

మళ్ళీ మల్లమ్మ దగ్గరికి

తర్వాత నేనూ వాడూ నాలుగైదు సాయంత్రాలు దీని మీదే తగాదా పడ్డాం. ఆ తగాదాలో తేలినవి ఇక్కడ పెడుతున్నాను. ఇట్లాంటి పని చేస్తున్న, చెయ్యబోతున్న మన పిల్లలకు, వాళ్ళకు చదువు చెప్పేవాళ్ళకు పనికొస్తాయని ఆశ.

మొదటిది, పేలికా పట్టూ అనే రెండు బీరువాల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నే తప్పు. పేదరికాన్ని చూపిస్తేనే నిజాయితీ అనుకోవడం కూడా ఒక అగ్రకుల అలవాటు. మన అమ్మలు పెళ్ళికి పోయేటప్పుడు కట్టుకునే చీర కూడా మన చరిత్రే.

రెండోది, బట్ట పనిలోంచి పుట్టాలి. మల్లమ్మ కొండెక్కే మనిషి. వేర్లు తవ్వుతుంది, ఆకు నూరుతుంది, ఏనుగు పక్కన నడుస్తుంది. ఆమె చేతికి తవ్వుకోల కావాలి, ఒడిలో ఆకు కట్టుకోవడానికి కొంగు దోపుకోవాలి, వేళ్ళకు పసరు మరక ఉండాలి. హార్స్లీ కొండ నాలుగువేల అడుగుల పైచిలుకు. చలికాలం పొద్దున వణికిపోతాం. భుజాన గొంగడి ఉంటే అలంకారమూ అవుతుంది, అవసరమూ అవుతుంది.

మూడోది రంగు. నలుపును శత్రువుకూ బొగ్గు వేషానికీ వదిలేసి గోధుమ రంగును వీరులకు ఉంచే పద్ధతిని మన చేతులతో మనం కొనసాగించకూడదు.

నాలుగోది నాకే తగిలింది. ఈ కథలో చెంచులకు పేరు లేదు, ముఖం లేదు. రోగమొచ్చి మల్లమ్మ దగ్గరికి వచ్చే జనంగానే ఉన్నారు. మావాడి గేములో కూడా వాళ్ళందరికీ ఒకటే ముఖం, ఒకటే గుడ్డ. అడవిలో మందు చెంచులకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మల్లమ్మే వాళ్ళ దగ్గర నేర్చుకుని ఉండదా? మనల్ని అడక్కుండా మనకు బట్టలు కుట్టారని ఇన్ని పేజీలు రాసిన నేను, చెంచులను అడక్కుండా చెంచుల బట్టలు ఎట్లుండాలో మావాడికి చెప్పబోయాను. అది మన పని కాదు. వాళ్ళ పిల్లలతో కలిసి కూర్చుని చెయ్యాల్సిన పని. అందాకా ఆ పాత్రలకు కనీసం వేరువేరు ముఖాలు, వేరువేరు పేర్లు ఇవ్వగలం.

పదిరోజుల తర్వాత మావాడు కొత్త బొమ్మ చూపించాడు. కిరీటం పోయింది. త్రిశూలం పోయి తవ్వుకోల వచ్చింది. మల్లమ్మ మా అక్కంత నల్లగా ఉంది. భుజాన గొంగడి. చెంచుల గుంపులో పదకొండు ముఖాలు, పదకొండూ వేరు. పట్టుచీర మాత్రం అట్లాగే ఉంది. కొంగు నడుముకు దోపి ఉంది గానీ పట్టే.

"పట్టు తీయలేదేంరా?" అన్నాను.

మా ప్రాంతమంతా మల్బరీ తోటలే. మదనపల్లెలో పట్టు మగ్గాలు ఆడతాయి. మా అక్క ఇరవై ఏళ్ళుగా రైతుల తోటల్లో పట్టుపురుగులకు ఆకు కోస్తోంది. కూలికి పోయిన మనిషి వేళ్ళకు ఆ ఆకుపసరు ఎప్పుడూ ఉంటుంది. ఆమె ఒంటిమీద పట్టుచీర నేను ఒక్కసారి కూడా చూడలేదు.

వాడు తెరమీదనుంచి కన్నెత్తకుండానే అన్నాడు. "మా అమ్మ ఆకు కోసిన పట్టు మామా. ఎవురెవురో కడతాండారు గదా, మల్లమ్మ కడితే ఏమి?"

నేను దాన్ని తీయమని మళ్ళీ చెప్పలేదు.